ఖాళీ ట్యాంకరు చుట్టూ జనం

దుబాయ్‌లో పనిచేశానంటే మా ఊరివాళ్ళు మేడలు, కార్లు, కిటకిటలాడే బజార్లు ఊహించుకుంటారు. దుబాయ్ నడిమధ్య సత్వా పేటలో నేను ఉన్నది కొన్నాళ్ళే. డెబ్బైల చివర్లో నన్ను ఫుజైరా కొండల్లోకి నీళ్ళ ట్యాంకరు తోలడానికి పంపించారు. అక్కడ మనుషుల కన్నా మేకలు ఎక్కువ, మేకల కన్నా రాళ్ళు ఎక్కువ. దారిలో ఇంకో బండి ఎదురైతే ఇద్దరం దిగి అలాయ్ బలాయ్ తీసుకునేవాళ్ళం, భాష తెలిసినా తెలియకపోయినా. ఒంటరిగా తిరగడానికి గాలికే భయమేసి నా ట్యాంకరు వెనకాలే వచ్చేదంటే నమ్మండి.

నమ్మకపోతే మేక సంగతి చెబుతాను. తాడు మీద ఆరేసిన నా చొక్కాను ఒక మేక జేబుతో సహా తినేసింది. ఆ జేబులో తలనొప్పి మాత్ర ఉంది. ఆ మేకకు మళ్ళీ జన్మలో తలనొప్పి రాలేదు.

అక్కడ ఊరంటే మన ఊళ్ళలాగా గోడకు గోడ ఆనుకొని ఉండేది కాదు. ఒక ఇల్లు ఈ గుట్ట వెనక, ఇంకొకటి ఆ వాగు మలుపులో. రాళ్ళు పేర్చిన గోడలు, పక్కనే ఎండాకాలం పడుకోవడానికి ఖర్జూరపు మట్టల పందిరి. కరెంటు లేదు. బావుల్లో నీళ్ళు ఉప్పుదేలాయి కాబట్టి నా ట్యాంకరే దిక్కు. ఎండిన వాగులో బండి ఆపి గట్టిగా హారన్ కొడితే చాలు, అప్పటిదాకా రాళ్ళే అనుకున్నవి కదిలి డబ్బాలు పట్టుకొని దిగివచ్చేవి.

ఆ వాగు ఒడ్డునే ప్రభుత్వం కట్టిన రెండు గదుల క్లినిక్ ఉండేది. అందులో ఒక్కతే నర్సు, గోదావరి జిల్లా ఆవిడ. నేను అక్కా అని పిలిచేవాణ్ణి. నా నిజామాబాద్ యాస విని ఆవిడ నవ్వేది, ఆవిడ మాట విని నేను నవ్వేవాణ్ణి. ఆ ఊళ్ళో తెలుగు మాట్లాడే మనిషి మాకు ఇంకొకరు లేరు కాబట్టి ఆ నవ్వులు సర్దుకుపోయేవి.

ఒకరోజు పొద్దున, ఎగువన రోడ్డు పనివాళ్ళ క్యాంపులో నీళ్ళన్నీ పోసేసి, ఖాళీ బండితో దిగుతూ అక్క దగ్గర చాయ్‌కి ఆగాను. ఆవిడ మొహం వేలాడేసుకొని కూర్చుంది.

“ఇవాళ ముదీర్ వస్తున్నాడంట తమ్ముడూ. ఇక్కడ జనమే లేరంట. క్లినిక్ మూసేసి నన్ను టౌన్‌కి పంపేస్తారంట.”

“మంచిదే గదక్కా. అక్కడ కరెంటుంటది, ఫ్యానుంటది.”

“నా ఫ్యాను సంగతి సరేలే. ఇక్కడి ఆడాళ్ళు మగ డాక్టర్ని దగ్గరికే రానివ్వరు. నొప్పులొస్తే ఈ రాళ్ళ దారిన టౌన్‌దాకా ఎలా వెళ్తారు? నీ డొక్కు బండిలోనా?”

“ఫికర్ జెయ్యకక్కా. రోడ్డు క్యాంపుల మనోళ్ళు మస్తుగున్నరు. తెల్ల అంగీలు తొడిగి ఈడ నిలబెడ్త.”

“ఆ నిజామాబాద్ మీసాలతో అరబ్బులా! నోర్ముయ్. పైన దేవుడు చూస్తున్నాడు.”

అంతలోనే జీపు వచ్చింది. ముదీర్ అంటే ఆరోగ్యశాఖలో పెద్ద అధికారి. పాదాల దాకా తెల్లని కందూరా అంగీ, నల్ల కళ్ళద్దాలు. ఒకప్పుడు బొంబాయిలో వ్యాపారం చేశాడట, హిందీ చక్కగా మాట్లాడేవాడు. దిగి నాలుగు వైపులా చూశాడు. కొత్త బండి కనిపించేసరికి ఆడవాళ్ళు లోపలికి వెళ్ళిపోయారు. మగవాళ్ళు మేకలతో కొండ మీద ఉన్నారు. వాగులో ఒక్క గాడిద నిలబడి ఆయన్నే చూస్తోంది.

“ఈ గాడిద కోసమా క్లినిక్?” అన్నాడు ముదీర్.

అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక నా చెయ్యి ఆగలేదు. బండెక్కి హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యకుండా నొక్కాను.

ముందు పిల్లలు వచ్చారు. తర్వాత తలల మీద డబ్బాలతో ఆడవాళ్ళు. గాడిదల మీద ముసలివాళ్ళు. కొండ మీది నుంచి మేకలు, వాటి వెనక మగవాళ్ళు. నేనే నోరు వెళ్ళబెట్టాను. నాకు తెలియని ఇళ్ళ నుంచి కూడా వచ్చారు. ముదీర్ కళ్ళద్దాలు తీసేశాడు.

“చూశారా సాబ్!” అని మీసం దువ్వానో లేదో, ఊరందరికీ పెద్దదిక్కైన ముసలమ్మ ముందుకొచ్చింది. మొహానికి బుర్ఖా ముసుగు, చేతిలో కర్ర. ఆ కర్రతో ట్యాంకును ఒక్కటేసింది. డంగుమని మోగింది. నా గుండె కూడా అలాగే మోగింది. ట్యాంకు ఖాళీ అని హారన్ కొట్టేటప్పుడు నాకు గుర్తే రాలేదు.

“ఏరా, లోపల గాలి తెచ్చావా?” అంది అరబ్బీలో. వెనక ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. కొందరు తిట్టారు కూడా, ఆ తిట్లు నాకు బాగానే అర్థమయ్యాయి.

ముసలమ్మ ముదీర్ వైపు తిరిగింది. “నువ్వెవరు?”

“ఇక్కడ జనం ఉన్నారో లేదో చూడ్డానికి వచ్చానమ్మా.”

“చూశావుగా. నీ కోసమే కదా వీడు మమ్మల్ని కొండ దింపాడు. ఇక వీళ్ళకు నీళ్ళు తే. యల్లా!”

ఆయన జీపు చుట్టూ మేకలు, గాడిదలు. కదిలే దారి లేదు. మహా అధికారి వచ్చి నా పక్కన ట్యాంకరులో కూర్చున్నాడు. మేం కదులుతుంటే వెనక నుంచి అక్క గొంతు వినిపించింది. “నీళ్ళొచ్చేదాకా ఎవరూ కదలొద్దు! పిల్లల్ని ఇటు తీసుకురండి, సూదులేస్తాను!” ఎన్నాళ్ళుగానో ఆ పిల్లలు ఆవిడకు ఒక్కచోట దొరికితే కదా.

బోరుబావి దాకా వాగులోనే దారి. రాయికో గెంతు. ముదీర్ తల పైకప్పుకు తగిలింది, భుజం తలుపుకు తగిలింది, చివరికి రెండు చేతులతో నన్నే పట్టుకున్నాడు. నేను మెల్లగానే తోలానని ఇప్పటికీ చెబుతాను, అక్క ఇప్పటికీ నమ్మదు. సగం దారిలో ఆపమని దిగి, ఒక రాయి మీద కూర్చొని కడుపు పట్టుకున్నాడు.

“నొప్పులు పడే ఆడమనిషి టౌన్‌కి పోవాలంటే ఇదే దారా?”

“టౌన్ ఇంకా చాలా దూరం సాబ్. ఇది మంచి దారి.”

ఆయన లేచి మళ్ళీ బండెక్కాడు. బోరుబావి దగ్గర నీళ్ళు నింపుకొని వెనక్కి తిరిగాం.

మేం వచ్చేసరికి క్లినిక్ దగ్గర ఏడుపులు మిన్నంటుతున్నాయి. ముసలమ్మ కర్ర పట్టుకొని కాపలా కాస్తోంది. ముదీర్ నేరుగా అక్క దగ్గరికి వెళ్ళాడు.

“సిస్టర్, ఖలాస్. క్లినిక్ ఎక్కడికీ పోదు. మీరూ పోరు.”

అక్క సూది పైకెత్తి చూసుకుంటూ, తలైనా తిప్పకుండా అంది. “చాలా సంతోషం సార్. ముందు వీణ్ణి కాస్త గట్టిగా పట్టుకోండి.”

ఆయన కందూరా చేతులు మోచేతుల దాకా మడిచి, వంగి పిల్లవాణ్ణి పట్టుకున్నాడు. వాడు ఆయన్ని కరిచాడు.