మామ్మ ఇంటి కప్పు, మా బావ గొడుగు

ఆ రోజుల్లో మా చర్చి యూత్‌కి వేసవి సెలవులంటే సేవ. సేవంటే ఉద్దానం పల్లెల్లో ఎవరో ఒకరి ఇల్లు బాగుచేయడం. టెక్కలిలో ఆటో ఎక్కేటప్పటికి మాలో ఒక్కడికీ సుత్తి పట్టడం వచ్చేది కాదు, ఉత్సాహం మాత్రం ఆటోలో పట్టేది కాదు. మేకుకో ప్రార్థన, వాసానికో పాట. (పాటలు బాగానే ఉండేవి. వాసాలే ఊగేవి.) పన్నెండు మంది కుర్రాళ్లు కలిసి ఒక పేదరాలి ఇంటికి ఎంత అపకారం చేయగలరో నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఆ అపకారానికి పెద్ద మేస్త్రీని నేనే. చెడ్డపేరు మాత్రం పాతికేళ్లుగా మా మేనత్త కొడుకు మోస్తున్నాడు. (ఒకరినొకరం ‘బావా’ అనే పిలుచుకుంటాం.) మా వాళ్లందరికీ అతను ‘గొడుగు’. అతని పిల్లలు గొడుగుగారి పిల్లలు. చర్చి వాట్సాప్ గ్రూపులో అతని పేరు పక్కన గొడుగు బొమ్మ కూడా పెట్టారు. అది చూసి చూసి ఇక ఓపిక లేక అసలు సంగతి రాస్తున్నాను.

ఆ ఏడు మాకు దొరికింది జీడితోట పక్కన ఒక మామ్మ ఇల్లు. తాటాకు కప్పు కుళ్లి ఆకాశం కనిపిస్తోంది. కూతురు పురుడు పోసుకుని, తలదాచుకోను కప్పు లేక, పసివాడితో నౌపడలో చుట్టాలింట ఉండిపోయింది. మామ్మ వాళ్లను తేవడానికి బయల్దేరుతూ, “సాయంత్రానికి గుంటడ్ని తెచ్చేత్తాను బాబూ. ఆడి మీద సుక్క పడకుంటే సాలు, నాకింకేటీ వద్దు” అని చెప్పి బస్సెక్కింది.

నేను అప్పుడు సివిల్ డిప్లొమా మొదటి ఏడాది. అంటే జట్టుకి ఇంజనీర్ని. మా ఇంటికి సున్నం వేసినప్పుడు పైనుంచి కిందికి వేశారు కనుక తాటాకు కూడా కొప్పు దగ్గరే మొదలుపెట్టాలని తేల్చాను. దిగుతూ దిగుతూ పనైపోతుంది, కప్పిన ఆకు తొక్కే పనుండదు. బావ నిచ్చెన కింద నిలబడి బుర్ర గోక్కున్నాడు.

“బావా, మా పశువుల సాల నేసినప్పుడు సూరు కాడ మొదలెట్టినట్టు గురుతు.”

“పశువుల సాలకీ మనుషుల ఇంటికీ తేడా లేదేటి? డిప్లొమా నువ్వు సదువుతున్నావా, నేనా?”

“నువ్వేలే” అని, పైనుంచే మొదలెట్టాలని మిగతా వాళ్లకి కేకేసి, ఆకు అందించాడు.

చూరు నుంచి మొదలుపెడితే పై వరస కింది వరస మీదికి వస్తుంది, నీళ్లు జారిపోతాయి. మేం వేసినట్టు వేస్తే కింది వరస పై వరస మీద ఎక్కి కూర్చుంటుంది. పైనుంచి జారిన ప్రతి చుక్కకీ ఇంట్లోకి దారి దొరుకుతుంది. ఈ ముక్క డిప్లొమా మూడేళ్లలో నాకెవరూ చెప్పలేదు. (అడిగితేగా.)

సాయంత్రం మామ్మ, కూతురు, పసివాడు వచ్చారు. మా యూత్ లీడరు (మైకు లేకపోయినా మైకులో అరిచినట్టే మాట్లాడతాడని ‘మైకన్న’ అనేవాళ్లం) అందర్నీ లోపల నిలబెట్టి కృతజ్ఞతా ప్రార్థన మొదలుపెట్టి, ఈ గృహం మీద ఆశీర్వాదపు జల్లులు కురిపించమని అడిగాడు. ఆమెన్ అనకముందే ఉరిమింది. వేసవి వాన, మామూలుగానా! నాలుగు నిమిషాల్లో ఇంట్లో పొడి చోటు లేదు. పసివాడు గుక్కపట్టి ఏడుపు. మామ్మ తల పైకెత్తి కప్పును చూసింది.

“బాబూ, మీ టెక్కల్లో వాన కిందనుంచి పైకి కురుత్తాదేటి?”

మైకన్న గొంతు మొదటిసారి తగ్గింది. “పైనుంచి మొదలెట్టమన్నదెవరు?”

నేను బావ వైపు చూశానంతే. నన్ను చూసి మిగతా వాళ్లంతా అటే చూశారు. బావ మూలనున్న గొడుగు విప్పి, ఇంటి మధ్యలో పసివాడి మీద పట్టుకుని నిలబడ్డాడు, వాన ఆగేదాకా. కప్పు చెడగొట్టి గొడుగు పట్టినవాడని ఆ పేరు అక్కడ పుట్టింది. మర్నాడు ఊరి పెద్దలిద్దరు మా పనంతా పీకి పూటలో మళ్లీ నేశారు. మేం తిరిగొచ్చేశాం. బావ ఉండిపోయి నేర్చుకున్నాడు.

మొన్న ఆదివారం ఇప్పటి యూత్ మళ్లీ ఉద్దానం బయల్దేరుతుంటే, ఇక లాభం లేదని చర్చిలో అందరి ముందూ లేచి నిలబడి తప్పు నాదేనని సాక్ష్యం చెప్పాను. కొత్త పాస్టరుగారు కళ్లు తుడుచుకుని, “చూశారా ప్రియులారా! బావ తప్పు తన మీద వేసుకుంటున్నారు, ఎంత ప్రేమ!” అన్నారు. కాదండీ, నిజంగా నేనేనంటే, “ఎంత తగ్గింపు, ఎంత వినయం!” అన్నారు. ఎంత మొత్తుకుంటే అంత మంచివాణ్నయిపోతున్నాను. చివరికి చప్పట్లు కూడా కొట్టారు.

బయటికొస్తే వాన. నేను గొడుగు తేలేదు. బావ తనది విప్పి పిలిచాడు.

“ఆ రోజు నోరెందుకు మూసుకున్నావు బావా?” అన్నాను కోపంగా, కోపం ఎవరి మీదో తెలియకుండానే.

“గుంటడు తడిసిపోతన్నాడు. ముందు నిన్ను తిట్టమంటావా, గొడుగు పట్టమంటావా?”

ఇద్దరం లావయ్యాం. ఆ గొడుగు మాకు చాలలేదు. చెరో భుజం తడుస్తోంది. నేను ఇంకాస్త లోపలికి జరగబోతుంటే బావ చెయ్యి పట్టి ఆపాడు.

“ఉండు. ఇన్నాళ్లకి నీ వాటా నువ్వు తడుత్తన్నావు. తడవనీ.”