పైకీ కిందికీ మాటలు మోసే పని

మూడో తరగతి పిల్లల చేత బ్లాగు రాయిస్తానంటే స్టాఫ్‌రూములో అందరూ ముక్కున వేలేసుకున్నారు. "ఉన్న నోట్‌బుక్కులు దిద్దడానికే చేతులు పడిపోతున్నాయి, మళ్లీ ఇదొకటా?" అని లెక్కల టీచరు నా మొహం మీదే అనేసింది. నాకు పంతం ఎక్కువ. నా చేత ఏ పనైనా చేయించాలంటే, చేయొద్దని చెబితే చాలంటుంది మా అమ్మ. అలా పద్మారావు నగర్‌లోని మా చిన్న బడిలో, నా క్లాసుకి తెలుగు బ్లాగు మొదలైంది.

పద్ధతి తేలికే. శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో ఒక్కొక్కరే వచ్చి కంప్యూటర్ ముందు నా పక్కన కూర్చుంటారు. వాళ్లు చెబుతారు, నేను టైపు చేస్తాను. వాళ్ల మాట ఎలా ఉంటే అలాగే, నా పైత్యం కలపను. తర్వాత పైకి చదివి, పబ్లిష్ మీట వాళ్లే నొక్కుతారు. దీపావళికి రాకెట్ వెలిగిస్తున్నంత గంభీరంగా ఉంటాయి అప్పుడు ఆ మొహాలు. బ్లాగు మా క్లాసు పిల్లల ఇళ్లవాళ్లకు మాత్రమే తెరుచుకుంటుంది. వాళ్లు కింద కామెంటు రాస్తే ముందు నా దగ్గరికి వస్తుంది, నేను చూసి వదిలితేనే మిగతావాళ్లకు కనబడుతుంది. వచ్చేవన్నీ "సూపర్ నాన్నా", "నైస్ బంగారం" బాపతే. అయినా సోమవారం పొద్దున వాటిని చదివి వినిపిస్తుంటే పిల్లలు పెళ్లికొడుకుల్లా సిగ్గుపడిపోయేవారు.

ఒక వారం "ఇంట్లో నా పని" అని ఇచ్చాను. మొక్కలకు నీళ్లు పోస్తానని ఒకడు, అమ్మతో మోండా మార్కెట్‌కి వెళ్లి కొత్తిమీర కట్ట నేనే పట్టుకుంటానని ఒకతి, అమ్మ సీరియల్ చూస్తున్నంతసేపూ తమ్ముణ్ణి కదలకుండా పట్టుకోవడమే నా పని అని ఇంకొకడు. నవ్వుకుంటూ టైపు చేసేస్తున్నాను. అప్పుడు వచ్చింది సీతాఫల్‌మండి నుంచి బడికొచ్చే పిల్ల. రెండు జడలు, అందులో ఒకటి ఎప్పుడూ ఊడిపోయే ఉంటుంది. కుర్చీ ఎక్కి, కాళ్లూపుకుంటూ చెప్పడం మొదలుపెట్టింది.

"మా ఇల్లు రెండంతస్తులు. కింద మేం ఉంటం. పైన పెద్దనాన్న ఉంటడు. డాడీ, పెద్దనాన్న మాట్లాడుకోరు. అందుకే ఏదన్న ఉంటే నేనే పోయి చెప్త. మోటర్ బంద్ చెయ్యమని, గేటుకు తాళం వెయ్యమని, అన్నీ నేనే. నాకు మస్తు పని ఉంటది. నేను లేకుంటే మా ఇల్లు నడవది."

నా వేళ్లు ఆగిపోయాయి. "ఇది మీ డాడీ చూస్తారు కదే, పర్లేదా?" అన్నాను.

"ఏం కాదు టీచర్. మా ఇంట్ల అందరికీ తెల్సు కదా," అంది.

ఉన్నదున్నట్టే టైపు చేశాను. ఏ మొక్కకో నీళ్లు పోస్తున్నానని అబద్ధం చెప్పించడం నాకు చేతకాదు. పిల్ల దర్జాగా మీట నొక్కేసి వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున గేటు దగ్గరే వాళ్లమ్మ నన్ను పట్టుకుంది. "ఏందీ మేడమ్ ఇది? మా ఇంటి సంగతి క్లాసు మొత్తానికి చెప్పుడేంది? ఆడబిడ్డ కూతురి పెళ్లిల ఫ్యామిలీ ఫోటోకి మా ఆయన్ను వాళ్లన్న స్టేజీ మీదికి పిలువలే, గప్పటి సంది అన్నదమ్ములకు మాటల్లేవు. గా ముచ్చట ఇప్పుడు అందరి ఫోన్లల్ల తిరుగుతున్నది. జెర తీసెయ్యండి మేడమ్, మీకు దండం పెడ్త."

నాకు కోపం నసాళానికి అంటింది. ఎనిమిదేళ్ల పిల్లను మెట్ల మీద పైకీ కిందికీ తిప్పుతున్నప్పుడు పోని పరువు, అది రాస్తే పోయిందా? అది నోటి చివరిదాకా వచ్చి ఆగింది. ఆవిడ కళ్లలో నీళ్లు చూశాక ఇంకేమంటాను? సరే, మధ్యాహ్నం తీసేస్తానన్నాను.

మధ్యాహ్నం తెరిచి చూస్తే కామెంటు ఒకటి వచ్చి కూర్చుంది. పై అంతస్తు నుంచి. "మంచిగ రాసినవ్ బిడ్డా. మోకాళ్ల నొప్పులు నాకు, మెట్లెక్కుడు నీకు. పెద్దనాన్న." దీన్ని ఎలా తీసేయను? ఒక్క పూట చూద్దామని వదిలాను. సాయంత్రానికి దాని కిందే తండ్రి రాశాడు. "పెద్దనాన్నకు చెప్పు చిన్నా, మోకాళ్లు డాక్టర్‌కు చూపియ్యాలంటే నా బండి మీద తీసుకపోత." రాత్రికి దానికి జవాబు. "మీ డాడీకి చెప్పు బిడ్డా, ఆ బండెక్కితే ఉన్న నడుము సుత పోతది."

ఓరి మీ అసాధ్యం కూలా! పక్కపక్కనే కామెంట్లు రాసుకుంటూ కూడా మధ్యలో పిల్లనే పెట్టుకున్నారు. నేను వంటింట్లో ఫోన్ పట్టుకుని పడీ పడీ నవ్వాను, పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. మర్నాడు వాళ్లమ్మే ఫోన్ చేసింది. "మేడమ్, తీసెయ్యకుండ్రి. జెర ఉండనియ్యండి," అంది గుసగుసగా. పక్కన మొగుడున్నట్టున్నాడు.

ఇక నా సంబరం చూడాలి. మిగతా తల్లులు కూడా గేటు దగ్గర ఆపి "ఇయ్యాల పైనాయన ఏమన్నడు మేడమ్?" అని అడిగేవాళ్లు. అన్నీ వదిలాననుకోకండి. "ఫోటో దిగుతున్నప్పుడు ఏడ చచ్చిండో అడుగు మీ డాడీని" అని పెద్దాయన ఒకసారి రాశాడు. దాన్ని అక్కడికక్కడే చెరిపేశాను. మెల్లగా కామెంట్లలోంచి "బిడ్డా చెప్పు" పోయింది, "అన్నా" వచ్చింది. అన్న నిజంగానే తమ్ముడి బండెక్కి డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చాడట. అన్నదమ్ముల్ని కలిపిన ఘనత అంతా నాదేనన్నట్టు స్టాఫ్‌రూములో నా గొప్పలు నేనే చెప్పుకున్నాను, ముఖ్యంగా లెక్కల టీచరు వింటున్నప్పుడు.

పిల్ల మాత్రం వాడిపోయింది. శుక్రవారం తన వంతు వచ్చినా కుర్చీ దగ్గరికి రాలేదు. బడి వదిలాక అందరూ ఆటోల వైపు పరిగెడుతుంటే నా వెనకాలే నిలబడింది. "టీచర్, నా పోస్టు తీసెయ్యండి," అంది.

"అదేంటే! మీ డాడీ, పెద్దనాన్న మాట్లాడుకుంటున్నారుగా?"

"అందుకే తీసెయ్యమంటున్న. వాళ్లు మాట్లాడుకుంటే నేను దొరికిపోత."

కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేస్తే అప్పుడు చెప్పింది. పైనుంచి పంపిన మాట కిందికి వచ్చేసరికి అలాగే ఉండేది కాదట. తిట్లన్నీ మెట్ల మీదే వదిలేసేదట. "ఆ దున్నపోతును మోటర్ బంద్ చెయ్యమను" అంటే, "పెద్దనాన్న మోటర్ బంద్ చెయ్యమన్నడు, ప్లీజ్ అన్నడు" అని చెప్పేదట. నాకు నవ్వూ వచ్చింది, పిల్లను ఎత్తుకుని ముద్దుపెట్టుకోవాలనీ అనిపించింది. కానీ దాని భయం తిట్ల గురించి కాదు.

"చలికాలంల డాడీకి బాగ దగ్గొచ్చింది టీచర్. పైకి సుత వినబడ్తది. పెద్దనాన్న ఏం అడగలే. డాడీ మెట్ల దిక్కే చూసుకుంట కూసుంటుండే. అందుకే నేనే చెప్పిన, నీ దగ్గు తగ్గిందా అని పెద్దనాన్న అడగమన్నడు అని."

"మీ డాడీ ఏమన్నారు?"

"ఏమనలే. మొఖం అటు తిప్పుకున్నడు. ఏడ్చిండు, నాకు తెల్సు."

"అబద్ధం చెప్పావని కొడతారనా భయం?" అన్నాను.

"కొట్టరు. పెద్దనాన్న అడగలేదని తెలిస్తే డాడీ మళ్ల మాట్లాడడు. నా వల్లనే మళ్ల బంద్ అయితది," అని వెక్కి వెక్కి ఏడ్చింది.

నా గొప్పలన్నీ గాలి తీసేసిన బెలూన్ అయ్యాయి. బ్లాగు కంటే ముందే, నాకంటే ముందే, ఈ చిన్న ప్రాణం ఆ ఇంటిని పట్టుకుని నిలబెట్టింది. చేసిన మంచికి ఇప్పుడు వణికిపోతోంది. ఆ పెద్దాయనకు ఒక్క ఫోన్ చేసి ముందే చెప్పి ఉంచుదామని ఎన్నిసార్లు అనుకున్నానో! ఒట్టు వేసి చచ్చాను కదా. పోస్టు తీసేసినా లాభం లేదు, వాళ్లు ఇప్పుడు నోటితోనే మాట్లాడుకుంటున్నారు.

పరీక్షల ముందు పేరెంట్స్ మీటింగ్‌కి అన్నదమ్ములిద్దరూ వచ్చారు, ఒకే బండి మీద. పెద్దాయన నడుం పట్టుకుని దిగాడు. పిల్లల బెంచీల్లో ఇద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు. పిల్ల నా పక్కన నిలబడింది. మార్కులు చూపించి, తెలుగు బాగా చెబుతుందన్నాను, లెక్కలు కాస్త చూసుకోమన్నాను. అంతా సవ్యంగా అయిపోయింది, ఇక లేస్తారనుకుంటుండగా తమ్ముడికి ఉత్సాహం వచ్చింది.

"మేడమ్, అందరూ మీ బ్లాగు తోని కలిసినమంటున్నరు. మీకు కోపం రావద్దు, నా కోపం అంతకు ముందే పోయింది. చలికాలంల నేను దగ్గుతోని పరేషాన్ అయితుంటే, అన్న పాపతోని అడిగిపిచ్చిండు, దగ్గు తగ్గిందా అని. అంత కోపంల సుత నా దగ్గు విన్నడు చూడు, గా ఒక్క మాటకే కరిగిపోయిన."

పిల్ల నా చీర కొంగు గుప్పెట్లో బిగించింది. పెద్దాయన కనుబొమలు ముడిపడ్డాయి. "దగ్గా? నేనెప్పుడు..." అంటూ ఆగి, పిల్ల వైపు చూశాడు. పిల్ల నేల చూపులు చూస్తోంది, పెదవి వణుకుతోంది. నేను చెప్పలేను, కళ్లతోనైనా బతిమాలదామంటే ఆయన నా వైపు చూడటమే లేదు. పిల్లనే చూస్తున్నాడు. చూసి, చూసి, గొంతు సవరించుకున్నాడు.

"అడగనా మరి? పరాయోడివా ఏంది?" అన్నాడు తమ్ముడితో, గద్దిస్తున్నట్టు. "నేను అడుగుడైతే అడిగిన. నువ్వే జవాబు పంపలే. ఇంతకీ తగ్గిందా, లేదా?"

"తగ్గిందన్నా," అన్నాడు తమ్ముడు.

కొంగు మీద పిల్ల పిడికిలి మెల్లగా వదులైంది.