తెల్లమచ్చ చూపించుకోవడానికి అయిదుగురం

ముప్పై దాటిన ఆడవాళ్ళకు గర్భసంచి ముఖద్వారం పరీక్ష ఉచితంగా చేస్తున్నారని ఆశా కార్యకర్త మంజుల చెబితే, మా మహిళా సంఘం నుంచి నలుగురం ఎల్లారెడ్డిలోనే చేయించుకున్నాం. సూది లేదు, కోత లేదు. వెనిగర్ లాంటి మందు దూదితో అద్ది, నిమిషం ఆగి, నర్సు కంటితో చూస్తుంది. తెల్లబారితే అనుమానం. ఫలితం అప్పుడే తెలిసిపోతుంది. మంజుల ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి చెప్పింది. నాకు తెల్లమచ్చ ఉందట. కామారెడ్డిలో పెద్దాసుపత్రికి వెళ్ళి యంత్రంతో మళ్ళీ చూపించుకోవాలట.

తెల్లమచ్చ అంటే క్యాన్సర్ కాదని మంజుల రెండుసార్లు చెప్పింది. డిగ్రీ చదివినదాన్ని, నాకు అర్థమైంది కూడా. అయినా ఆ సాయంత్రం మూడేళ్ళ పాపకు అన్నం కలుపుతూ రెండుసార్లు ఉప్పు వేశాను. మా అత్తమ్మ ఊరుకోలేదు. "సంచి తీసేపిస్తే పీడ పోతది. నాకు ఇరవై ఎనిమిదేండ్లకే తీసిండ్రు, ఏమైంది నాకు?" అంటూ ఒక ప్రైవేటు డాక్టరుతో ఆపరేషన్ సంగతి మాట్లాడి వచ్చింది. ఇంకో బిడ్డ కావాలని మా ఆయనకూ నాకూ ఉంది. కామారెడ్డి డాక్టరమ్మ చెప్పేదాకా ఆగమని బతిమాలి ఒప్పించాను.

ఒంటరిగా వెళ్తే ఊరంతా "దానికి పెద్ద రోగమట" అనుకుంటుందని నా దిగులు. అప్పుడు రాజక్క ఉపాయం చెప్పింది. నాట్లకూ కలుపులకూ పోయే మనిషి, సంఘంలో అందరికంటే గొంతు పెద్దది. "అందరం పోదాం. అయిదుగురు ఆడోళ్ళు కలిసి పోతే ఎవ్వలికి బాగలేదో ఎవ్వలికి తెలుస్తది?"

సోమవారం ఉదయం ఏడున్నరకు మంజులతో కలిపి అయిదుగురం ఎల్లారెడ్డి బస్టాండులో ఉన్నాం. ఇడ్లీలు తిన్నాం. రాజక్క మాత్రం ప్లేటు ముట్టలేదు. "ఇయ్యాల నాకు ఒక్కపొద్దు" అంది. బస్సులో ఆడవాళ్ళకు టికెట్ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు.

లింగంపేటలో ఎక్కిన ఒక పెద్దమ్మ మమ్మల్ని ఎగాదిగా చూసింది. "గింతమంది ఏడికి పోతున్నరు? పెండ్లికా?"

"పెండ్లికే" అంది రాజక్క.

"ఒక్కతి గూడ పట్టుచీర కట్టలే. ఇదేం పెండ్లి?"

"పిల్లగాడు మంచిగ లేడవ్వా, వానికి గీ చీరలే ఎక్కువ!"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. తాడ్వాయి దాటాక రాజక్క నా భుజం తట్టి, "ఏంది పిల్లా, మొఖం గట్ల వెట్టినవ్? నీకేం గాదు" అని, ముందు సీటులో ఉన్న మంజుల వైపు వంగింది. "ఉత్త కంటితోటి జూసుడే గదా. ఆ సిస్టరమ్మకు మంచిగ కనవడకపోతే?"

"అందుకే గదక్కా పెద్దాసుపత్రికి తోలుకపోతున్న" అంది మంజుల. "పుండున్నా, వాపున్నా తెల్లగనే కనవడొచ్చు. ఏదేందో ఆ యంత్రంల తెలుస్తది."

తొమ్మిది కావస్తుండగా కామారెడ్డిలో దిగి, ఆటోలో ఆసుపత్రికి వెళ్ళాం. ఓపీ చీటీకి డబ్బు తీసుకోలేదు. వెళ్ళేవాళ్ళకు రెండు మాటలు: ముట్టు రోజుల్లో ఈ పరీక్ష చేయరు, తేదీ చూసుకుని బయలుదేరండి. పొద్దునే వెళ్ళినా మధ్యాహ్నం దాకా కూర్చోవలసి రావచ్చు.

పదకొండున్నరకు నన్ను పిలిచారు. డాక్టరమ్మ మళ్ళీ మందు పూసి, పెద్ద భూతద్దం లాంటి యంత్రంలోంచి చాలాసేపు చూసింది. నేను పైన తిరుగుతున్న ఫ్యాను రెక్కలను చూస్తూ పడుకున్నాను.

"ఇన్ఫెక్షన్ వల్ల వాపు వచ్చిందమ్మా. మందులు వాడి మళ్ళీ ఒకసారి చూపించుకో."

"సంచి తీసేయాలా మేడమ్?"

"ఎందుకు తీయాలి? ఎవరు చెప్పారు?"

బయటికి వచ్చి మంజుల చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. కళ్ళు తుడుచుకుంటుండగా నర్సు తలుపు దగ్గర నిలబడి రాజక్క పేరు పిలిచింది.

మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మంజుల మాత్రం తల వంచుకుంది. రాజక్క లేచి, కొంగు సర్దుకుని, ఎవరినీ చూడకుండా లోపలికి వెళ్ళింది. రక్తపరీక్షలాగే దీనికీ పరగడుపున రావాలనుకుని ఆ మనిషి పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది నాకు.

ఆమె బయటికి వచ్చాక చెట్టు కింద కూర్చోబెట్టి, జొన్నరొట్టె, తమాట తొక్కు ముందు పెట్టాను. "పరీక్షకని లోపల చిన్న ముక్క దీసిండ్రు. రెండు వారాలకు చెప్తరట" అంది.

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"భయమైంది పిల్లా. నీ భయం జూసుకుంట నా భయం మర్చిన." రొట్టె తుంచింది. "ఇంత తొక్కు వెయ్యి. కడుపుల ఎలుకలు ఉరుకుతున్నయ్."

మూడు గంటల బస్సులో అత్తమ్మకు ఫోన్ చేసి ఆపరేషన్ అవసరం లేదన్నాను. "మరి నాకెందుకు తీసిండ్రే?" అంది.

దారి పొడవునా ఆలోచించాను. ఈ పరీక్ష అన్నీ పట్టలేదు. ముప్పై నిండనివాళ్ళను పిలవదు. ముట్టు ఆగిపోయిన పెద్దవాళ్ళలో అంత బాగా కనిపించదట. నాలాంటివాళ్ళను ఊరికే హడలగొడుతుంది. ఒకసారి బాగుందన్నా కొన్నేళ్ళకు మళ్ళీ చేయించుకోవలసిందే. కానీ నొప్పీ నలతా లేని రాజక్కను కలుపు తీసే చేలోంచి లేపి, సమయం మించకముందే డాక్టరు ముందు కూర్చోబెట్టింది అదే. ముక్క పరీక్షలో ఏమొచ్చినా, మొదట్లోనే దొరికితే నయమవుతుందని డాక్టరమ్మ చెప్పింది. నేను ఆ మాటనే నమ్ముతున్నాను.

తాడ్వాయిలో ఆకుకూరల గంపతో ఒకామె ఎక్కింది. మా చేతుల్లో ఆసుపత్రి కాగితాలు చూసి, "ఎవ్వలికన్న బాగలేదా?" అని అడిగింది. ఎవరికో తెలియకూడదనే కదా అందరం కలిసి వచ్చింది, నేను కాగితాలు కొంగు కింద దాచాను.

"నాకే" అంది రాజక్క, బస్సంతా వినేలా. "గర్భసంచి మూతికాడ తెల్లమచ్చ వచ్చింది. ముక్క దీసిండ్రు. నీకు ముప్పై దాటినయా?"

ఆమె తడబడింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "నాకు తెల్లబట్ట అయితది అక్కా. ఏడ జూస్తరు?" అంది.

రాజక్క జరిగి, పక్కన చోటు చేసింది. "గంప కింద వెట్టి కూసో. అంత చెప్త."