ఆర్మూరు గ్రౌండు మీద మబ్బు

హోలీ మర్నాడు, ఆదివారం, సాయంత్రం నాలుగున్నరకు జరిగింది ఇది. మా మనవరాలు దుర్గ ఫుట్‌బాల్ ఆడుతుంటే చూద్దామని దుగ్గిరాల నుంచి ఆర్మూరు వెళ్లాను. ఆట నాకు అర్థం కాదు. పిల్ల దెబ్బ తగలకుండా ఇంటికొస్తే చాలు. ఆర్మూరు క్లబ్బు తాతల కాలం నాటిది. దాని ఆడపిల్లల జట్టు సొంత ఊళ్లో ఓడింది లేదట.

అలాంటి జట్టు మీద దుర్గ గోల్ కొట్టింది. ఆ వెంటనే జనమంతా లేచి గ్రౌండు మీదికి పరుగెత్తారు. పరాయి ఊళ్లో పిల్లను కొట్టేస్తారనుకున్నాను. పక్కనే కూర్చున్న లక్ష్మి, వాళ్ల గోల్‌కీపర్ తల్లి, నా చెయ్యి పట్టి లాగింది.

"మా పిల్లను ఏమీ చెయ్యొద్దమ్మా!" అని అరిచాను.

"పిల్లనేం జేస్తమవ్వా? గా మబ్బు జూడు! పసుపు తడిస్తే మా ఏడాది కష్టం పాయె. ఉరుకు!"

గ్రౌండు అవతల, ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఆరబోసి ఉన్నాయి. రెండు జట్ల పిల్లలూ అప్పటికే వాటి మీద టార్పాలిన్లు కప్పుతున్నారు.

"గోల్ గొట్టినవ్ తియ్, ఇగ గీ కొస గట్టిగ వట్టు!" అని లక్ష్మి కూతురు సబిత దుర్గను కసురుతోంది.

వాన విరుచుకుపడింది. గాలికి టార్పాలిన్ లేచిపోతుంటే దాని అంచు మీద కూర్చున్నాం. లక్ష్మి వంగి టార్పాలిన్ కిందికి తొంగి చూసింది.

"లోపలికి నీళ్లు వోతున్నయా?" అని అడిగింది.

అందరం ఇంకాస్త దగ్గరగా జరిగి అంచును గట్టిగా అదిమి కూర్చున్నాం. ఆ అంచు మీద ఉన్నది లక్ష్మి, సబిత, దుర్గ, రిఫరీ ఖాజా, వెంకాయమ్మనైన నేను.