వణికితే మంచిదే అన్నారు

కర్నూలులో ఒక మందుల షాపు పైన ఉన్న హాలుకు ‘బార్ క్లాస్’ అని బోర్డు పెట్టారు. నాతో రమ్మంటే మా వదిన నవ్వాపుకోలేకపోయింది. “ఆడోళ్ళను పిల్చి మరీ బారుకు తీసకపోతాండావే!” అంది. వదిన మా అన్న భార్య, మైదుకూరు మనిషి.

నేర్పే అమ్మాయి మొదటి రోజే ఆ పేరు సంగతి చెప్పింది. అది ఫ్రెంచి మాట. బ్యాలే నాట్యం నేర్చుకునేవాళ్ళు పట్టుకొని నిలబడే కొయ్య కడ్డీని అలా అంటారట. మాకు నాట్యమేమీ ఉండదు. ఆ కడ్డీ పట్టుకొని, మడమలెత్తి, మోకాళ్ళు కాస్త వంచి అలాగే ఆగాలి. కాసేపటికి తొడలు గడగడ వణుకుతాయి.

“వణికితే భయపడొద్దక్కా. కండ పనిచేస్తాండాదని అర్థం,” అనేది.

అందరికన్నా వదిన కాలు ఎక్కువ వణికేది. ఆ అమ్మాయి మెచ్చుకుంటే వదిన మురిసిపోయేది.

ఒకరోజు ఆటోలో తిరిగి వస్తున్నాం. నా కాళ్ళు ఎప్పుడో కుదుటపడ్డాయి. వదిన కుడికాలు మాత్రం ఆటో రేకుమీద టకటకమంటూనే ఉంది.

“ఇంకా తగ్గలేదా వదినా?”

“నేను గట్టిగా చేసినా గదా!”

తర్వాత కుడిచేతికీ వణుకు మొదలైంది. ఊరికే కూర్చున్నప్పుడు బొటనవేలు, చూపుడువేలు ఏదో నలుపుతున్నట్టు కదిలేవి. టీ గ్లాసు పట్టుకుంటే ఆగిపోయేవి. క్లాసులో కడ్డీ పట్టుకున్నంతసేపూ ఆ చెయ్యి రాయిలా ఉండేది. వదిలితే మళ్ళీ అదే. నేను చూస్తున్నానని తెలిస్తే కొంగు కింద దాచేది. “చేతికి గూడ కసరత్తు అయితాండాదిలే,” అనేది. క్లాసులో కడ్డీ పట్టుకోవడం తప్ప చేతులకు పనేమీ లేదని ఇద్దరికీ తెలుసు.

మహానంది వెళ్ళినప్పుడు, స్నానం చేసి మెట్లెక్కుతూ వదిన ఉన్నట్టుండి నిలబడిపోయింది. వెనక జనం తోసుకొస్తున్నారు.

“రా వదినా.”

“వస్తాండాననే అనుకుంటాండా. కాలు ఈడనే ఉండాది,” అంది, పాదాలవైపు చూస్తూ.

జారలేదు, నొప్పీ లేదు. పాదం రాతికి అతుక్కుపోయినట్టుంది, అంతే. ఆమె చెయ్యి పట్టుకొని, కాలు కదిలేదాకా నిలబడ్డాను.

కర్నూలు వచ్చాక నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన వేళ్ళు తెరిచి మూయమన్నారు, వరండాలో నడవమన్నారు. నడకలో ఆమె కుడిచెయ్యి అసలు ఊగడం లేదని నేను అప్పుడే గమనించాను. పార్కిన్సన్స్ అన్నారాయన. మాత్రలున్నాయి గానీ పూర్తిగా పోదు, నెమ్మదిగా పెరుగుతుందన్నారు.

వదిన ఒక్కటే అడిగింది. “ఆ క్లాసు వల్ల వచ్చినాదా సార్?”

“కాదమ్మా. అంతకుముందే మొదలై ఉంటుంది. క్లాసు మానొద్దు, కసరత్తు మంచిదే.”

వదిన మానలేదు. మాత్రలకు కాలి వణుకు కొంత నిదానించింది. నేర్పే అమ్మాయికి సంగతి చెప్పాం. ఆ తర్వాత ఆమె ఎవరి వణుకునూ మెచ్చుకోలేదు.

మొన్న క్లాసు అయిపోయి అందరూ నీళ్ళ సీసాలు అందుకుంటున్నారు. వదిన మాత్రం గోడ దగ్గరే ఉండిపోయింది. నేను వెళితే గొంతు తగ్గించి అంది.

“ఎడమచేతిలో గూడ మొదలైనట్టుండాదమ్మా. మీ యన్నకు ఇప్పుడే చెప్పొద్దు.”