బక్క గాలికి చిన్న తెరచాప

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏమీ లేదు. ఫోనులో పది వీడియోలు చూసి, గాలి బాగా ఉన్న రోజున రెండుసార్లు పడకుండా నిలబడి, విండ్ సర్ఫింగ్ వచ్చేసిందనుకున్నాను. (పలక మీద నిలబడి, తెరచాప పట్టుకుని, గాలితో నీళ్ల మీద సాగిపోవడమే ఆ విద్య.) నిజానికి నేను భూపాలపల్లి దగ్గర ఒక చెరువులో షికారు పడవలు కడిగే తాత్కాలిక ఉద్యోగిని. అవతలి గట్టుకు పోయి తిరిగొస్తే ఆ విద్య నేర్పే ఉద్యోగం ఇస్తానన్నారు మా పెద్దసారు. నేనేమో ఉద్యోగం వచ్చేసిందని దంతాలపల్లిలో ఉన్న బాపుకు (మా నాన్నకు) ముందే ఫోను చేసి చెప్పాను. ఆయన ఊరంతా చెప్పుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సరిగ్గా పరీక్ష రోజునే బస్సు దిగాడు.

ఆ రోజు గాలి ఉందా లేదా అన్నట్టుంది. షెడ్డులో ఒక వెడల్పు పలక, తలుపంత తెరచాప ఉన్నాయి. ఒక సన్న పలక, చిన్న తెరచాప ఉన్నాయి. బక్క ఎద్దుకు పెద్ద బండి కడతామా? నేను చిన్నవే తీశాను.

“గాలే లేదు, గంత చిన్న బట్టేంది బిడ్డా? ఒడ్లు తూర్పార పట్టేటప్పుడు గాలి పడిపోతే దుప్పటి పట్టి ఊపుతం గని, జేబుల దస్తీ ఊపుతమా?” అన్నాడు బాపు.

“గిది వేరే బాపూ, నీకు తెల్వదు,” అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

పది గజాలు పోయేసరికి పలక నా బరువుకు మునిగి, నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. తెరచాప ఆరేసిన బట్టలా వేలాడింది. ఒక బర్రె ఈదుకుంటూ నన్ను దాటిపోయింది (వెనక్కి తిరిగి చూసింది కూడా). ఆ తర్వాత పడ్డాను. ఈది గట్టెక్కేసరికి, “ఈ ఉద్యోగానికి వేరేవాళ్లను చూస్తాం,” అంటున్నారు పెద్దసారు. బాపుకు నా అబద్ధం అర్థమైంది. నా వైపు ఒకసారి చూసి, పెద్దసారు ముందు చేతులు జోడించాడు. బాపు ఎవరికైనా చేతులు జోడించడం నేను అంతకుముందు చూడలేదు.

“సారూ, పోరడు సామాను తప్పు తీసిండు. జర ఇంకొక్కపారి సూడుండ్రి.”

పెద్దసారు సరేననగానే, వెడల్పు పలకను బాపే నీళ్లలోకి నెట్టాడు. ఈసారి నెమ్మదిగానే అయినా, ఎక్కడా ఆగకుండా పోయి వచ్చాను.

సాయంత్రం బస్సెక్కేటప్పుడు ఆయన చొక్కా నిండా బురద. “నౌకరి పోయిన నెలనే వచ్చిందంటివి గదరా?” అన్నాడు. నేను ఆయన చొక్కా మీది బురద దులపబోయాను. “ఊళ్లె నేను జెప్పిన మాట ఇయ్యాల నిజం జేసినవ్, పో.”

ఇప్పుడు గాలి తక్కువున్న రోజు నా దగ్గర నేర్చుకునేవాళ్లు ఎవరైనా చిన్న తెరచాప అందుకుంటే, జేబులోంచి దస్తీ తీసి ఊపుతాను. వాళ్లు నవ్వుతారు. ఆనాటి సర్వజ్ఞుణ్ణి తలచుకుని నేనూ నవ్వుతాను. ఆ బురద చొక్కా గుర్తొచ్చి, దస్తీతోనే కళ్లు తుడుచుకుంటాను.