సమ్మన్న అల్లిన తాడు

సరుకు చేత్తో పట్టి చూడకుండా కొనే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. గోదావరిఖనిలో మాది మూడు తరాల ఇనుప సామాన్ల దుకాణం. ఎవరైనా దయ్యాన్ని చూశామని చెబితే, ‘ఎంత దూరం నుంచి? ఎండా, నీడా?’ అని బేరమాడి, చివరికి దాన్ని కుక్కగా తేల్చేవాణ్ని. ఈ ఒక్క విషయంలో నా బేరం తెగలేదు.

పోయినేడు వానలు వెనకబట్టాక ఒక ఇంజనీర్ మేడమ్ తాళ్ల కోసం వచ్చింది. మా దగ్గరి పెద్ద రిజర్వాయర్‌లో నీటి మీద సోలార్ పలకలు పరుస్తారట. ముందుగా అలలు ఎంత ఎత్తు లేస్తాయో కొలవాలి. అందుకు, అలలను లెక్క రాసుకునే యంత్రం లోపల ఉన్న రెండు పచ్చటి తేలే డబ్బాలు. ఒకటి రిజర్వాయర్ నడుమ, ఒకటి పడవల రేవు కాలువలో.

అవి కొట్టుకుపోకుండా అడుగున దించే బరువుకు తాడు కట్టడానికి సమ్మన్నను పిలిచాను. చిన్ననాటి స్నేహితుడు. బొగ్గు గనిలో తాళ్ల పని చేసి రిటైరయ్యాడు. ముడి వేయకుండా, పోగులను మళ్లీ తాడులోకే అల్లి కలిపేస్తాడు. తాడు కూడా తనే ఎంచుకున్నాడు. కొత్త చుట్టను అతని ముందే కోశాను.

“గీ అల్లిక ఇప్పాల్నంటే నేనన్న రావాలె, యముడన్న రావాలె సేటూ!” అన్నాడు.

కాలువలో పని ఇట్టే అయిపోయింది. రిజర్వాయర్ నడుమ నలభై అడుగుల లోతు. పొద్దున తొమ్మిదిన్నర, ఆకు కదలని గాలి. అడుగున బరువు ఆనగానే నా చేతిలో తాడు గుంజినట్టయింది. మూడు సార్లు, లెక్క పెట్టినట్టు. సమ్మన్న చేయీ దాని మీదే ఉంది.

“చేప తాకింది,” అన్నాడు.

“గంత చేపైతే పట్టి అమ్ముకుందాం పా అన్నా,” అన్నాను. ఎప్పుడూ నాకంటే ముందు నవ్వే మనిషి నవ్వలేదు.

పన్నెండో రోజు ఆ డబ్బా కట్టకు కొట్టుకొచ్చింది. మేమిద్దరం వెళ్లాం. నేను నోరు తెరవకముందే, పదిమంది ముందు సమ్మన్న అన్నాడు: “తాడు పాతది మేడమ్. సేటు దుకాణంల మూలకు పడ్డ సరుకు. తెగింది.”

అందరూ వెంటనే నమ్మారు. ఇన్నేళ్ల నా బేరాల పుణ్యం.

తాడు కొస లాగి చూపించాను. తెగలేదు, కోయలేదు. అడుగున బరువుకు కట్టిన అల్లిక పోగు పోగుగా విప్పి ఉంది. బరువు లాగుతుండగా అలా విప్పడం అసాధ్యమని తర్వాత ఇంకో ఇద్దరు పనివాళ్లు కూడా చెప్పారు.

మేడమ్ డబ్బాలోని లెక్కలను కంప్యూటర్‌లో తెరిచింది. పది రోజులు చిన్న అలలే. ముందు రోజు పగలు పదకొండుకు గీత మీద గుట్టల్లా మూడు పెద్ద అలలు, కాస్త ఆగి మళ్లీ మూడు. ఆ తర్వాత డబ్బా కొట్టుకుపోయింది. అదే సమయంలో కాలువలోని డబ్బా గీసిన గీత పలకలా చదునుగా ఉంది. ఆ సమయంలో సమ్మన్న నా దుకాణంలో చాయ్ తాగుతున్నాడు. నా కళ్ల మీద నమ్మకం చాలక దుకాణం కెమెరా కూడా చూశాను.

ఆ గుట్టలను సమ్మన్న వేలు పెట్టి లెక్కపెట్టాడు.

“గనిల మూడుసార్లు గంట కొడితే, మనుషులు ఎక్కుతున్నరు, పైకి గుంజుమని,” అన్నాడు మెల్లగా.

ఆ నీళ్ల కింద గని లేదు. అక్కడి పాతవాళ్లను అడిగాను.

“మొదటి రోజే తెల్సా నీకు?”

“చెయ్యికి తాకంగనే తెల్సింది.”

“మరి తప్పు నా తాడు మీద ఎందుకు ఏసినవ్ అన్నా?”

“గిది చెప్తే నన్ను పిచ్చోడంటరు సేటూ. నిన్ను దొంగంటే... నీకు అలవాటే గదా.”

విప్పిన ఆ కొస ఇంకా నా దుకాణంలో మేకుకు వేలాడుతోంది. నలభై అడుగుల లోతున దాన్ని ఎవరు విప్పారో, ఎవరు పైకి రావాలనుకున్నారో నాకు తెలియదు. సమ్మన్న ఇప్పుడు నా దుకాణానికి రాడు, ఎదురు వరుసలోని షాపులో మేకులు కొంటాడు. నేను ఇటు కూర్చుని, ఆ షాపువాడు అతనికి చెప్పే ధర వింటుంటాను. ఎక్కువే చెబుతాడు. సమ్మన్న బేరమాడడు.